గ్యాసుకు మల్లెల వాసన

మా ఆఫీసుకు ఏటా వచ్చే ఫిర్యాదుల్లో నూటికి తొంభై ఒకే మాటతో మొదలయ్యేవి: "అయ్యా, మా ఇంట్లో గ్యాసు వాసన వస్తున్నది." మిగతా పదీ సిలిండరు వేళకు రాలేదని. ఆ పదింటికీ మా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. అది మా పరిధిలోకి రాదు. తొంభైతోనే వచ్చింది చిక్కు. వాసన మాత్రం ఎటు తిప్పి చూసినా మా పరిధిలోదే.

మాది ఇంధన వాయు భద్రతా కమిషనరేట్. బెజవాడలో కాలువ గట్టున పాత మేడ, కింద క్యాంటీను, పైన మేము. నేను నియమాల సెక్షన్ సూపరింటెండెంటుని. రాష్ట్రంలో గ్యాసు పొయ్యి మీద గానీ, గ్యాసు గొట్టం మీద గానీ, గ్యాసుతో నడిచే ఆటో మీద గానీ ఒక నియమం రావాలంటే అది ముందు నా బల్ల మీద పుట్టాలి. పాత నియమాలు ఎప్పుడో ఊరికొక్క గ్యాసు పొయ్యి ఉన్న కాలంలో రాసినవి. వాటిలో సగం ఇసుక బకెట్టు ఎక్కడ పెట్టాలన్న దాని గురించి, మిగతా సగం ఆ బకెట్టుకు ఏ రంగు వెయ్యాలన్న దాని గురించి.

అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. నియమాలను కాలానుగుణంగా సవరించుకోండి, ఏ రాష్ట్రంలో ఫిర్యాదులు తక్కువైతే ఆ రాష్ట్రానికి ప్రథమ బహుమతి, అని. ప్రమాదాలు తక్కువైతే అని రాయలేదు. ఆ సంగతి మా కమిషనర్ విశ్వంభర్ గారు రెండుసార్లు చదివి నిర్ధారించుకున్నారు.

వెంటనే మీటింగు పెట్టారు.

"అసలీ వాసన ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని మొదలుపెట్టారాయన.

టెక్నికల్ ఆఫీసర్ రుబీనా గారు లేచారు. మా ఆఫీసు మొత్తంలో గ్యాసు గురించి చదువుకుని వచ్చింది ఆవిడొక్కరే. అందువల్ల ఆవిడను ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. "మనమే కలుపుతాం సార్. గ్యాసుకు దానంతటదిగా వాసన ఉండదు. లీకైతే జనానికి తెలియాలని కుళ్ళిన కోడిగుడ్డు వాసన లాంటిది కలపమని మన రూలే ఉంది."

కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీస్తే ఎవరిదో ఇంక్రిమెంటు ఆగినట్టే.

"అంటే, ఏ వాసన గురించి ప్రజలు మనకు ఫిర్యాదు చేస్తున్నారో, ఆ వాసనను మనమే, మన రూలు పెట్టి మరీ కలిపిస్తున్నామన్నమాట."

"అవును సార్."

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదే సార్," అన్నారు జాయింట్ డైరెక్టర్ నరహరి గారు, తల పట్టుకుని. కమిషనర్ గారు ఏ అభిప్రాయానికి రాబోతున్నారో అర నిమిషం ముందే పసిగట్టి ఆ అభిప్రాయం తనదిగా చెప్పడంలో ఆయనకు సాటి లేరు.

"వాసన తీసేస్తే లీకైనా తెలీదు సార్. ఇళ్ళు లేచిపోతాయి," అన్నారు రుబీనా గారు.

"తీసేయమని ఎవరన్నారమ్మా? ప్రభుత్వం దేన్నీ తీసేయదు, మెరుగుపరుస్తుంది. దుర్వాసన స్థానంలో సువాసనను ప్రవేశపెడదాం. లీకైన సంగతి పౌరుడికి తెలుస్తుంది. తెలిసినందుకు సంతోషిస్తాడు కూడా. భద్రత అనేది పౌరుణ్ణి భయపెట్టే విధంగా ఉండరాదు. ఇది నోట్ చేసుకోండి."

నోట్ చేసుకున్నాను. నాకు ఆ ఉద్యోగమే.

ఏ సువాసన అన్నదాని మీద వారం రోజులు చర్చ నడిచింది. మొగలిపువ్వు అన్నారొకరు. మొగలిపువ్వుకు పాములొస్తాయని అభ్యంతరం వచ్చింది. సంపెంగ అన్నారు. సంపెంగకు తలనొప్పి వస్తుందట. అగరుబత్తి వాసన అయితే పూజ మొదలైందనుకుని ఇంకొకటి వెలిగిస్తారని రుబీనా గారు అన్నారు. అది ఎగతాళో కాదో తేలక మినిట్స్‌లో రాయలేదు. చివరికి సాయంకాలం మీటింగు గదిలో కిటికీ తెరిస్తే గుప్పున మల్లెల వాసన వచ్చింది. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని, "ఇదే," అన్నారు.

ఆ వాసన తిరపతమ్మ బుట్టలోది. ఆవిడ మైలవరం నుంచి వచ్చే మొగ్గలు తెచ్చుకుని, మా గేటు పక్కన గోడనానుకుని కూర్చుని దండలు కట్టి అమ్మేది. మా ఆఫీసులో ఇల్లు చేరే మగవాడెవడూ మూరెడు మల్లెపూలు లేకుండా గేటు దాటేవాడు కాదు. తిరపతమ్మది పొట్టి చెయ్యి. మూర ఆవిడ చేత్తో కొలవాలా మా చేత్తో కొలవాలా అని రోజూ తగువు. రోజూ ఆవిడే గెలిచేది.

"ఈ మూడు నెలల పూలే బాబూ మాకు ఏడాది పొడుగూతా అన్నం," అనేది. "ఆ పైన కనకాంబరాలూ, చామంతులూ, అయ్యేం పూలు? గడ్డి."

కొత్త నియమావళి ఉగాది కానుకగా గెజిట్‌లోకి ఎక్కింది. రెండు నెలలు తిరిగేసరికి ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి. తగ్గడం కాదు, ఆగిపోవడం. ఫిర్యాదుల గుమాస్తా పగటిపూట కునుకు తీయడం మొదలుపెట్టాడు. పైగా మెప్పు ఉత్తరాలు రాసాగాయి. పటమట నుంచి ఒకాయన రాశాడు: నాలుగు రోజులుగా మా వంటిల్లు పెళ్ళిపందిరిలా గుమగుమలాడుతోంది, కొంచెం తల తిరుగుతోంది కానీ మనసుకు హాయిగా ఉంది, కమిషనర్ గారికి నా నమస్కారాలు. దాన్ని ఫ్రేము కట్టించి వరండాలో పెట్టాం. ఆ తర్వాతి వారం ఆయన పెరుగు తేవడానికి వీధిలోకి వెళ్ళిన సమయంలో వంటింటి కిటికీ రెక్కలు ఎదురింటి డాబా మీద పడ్డాయట. అది అగ్నిమాపక శాఖ లెక్కలోకి వెళ్ళింది. మా లెక్కలో ఆయన సంతృప్తి చెందిన వినియోగదారుడే.

ఆ మంటలార్పేవాళ్ళే ముందు పేచీ పెట్టారు. ఏ ఇంటికి వెళ్ళినా మల్లెల వాసనే వస్తోంది, అది గ్యాసో ఇల్లాలి జడో తెలియక మా వాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోతున్నారు, మార్గదర్శనం చేయగలరు, అని లేఖ.

"సహేతుకమైన సందేహం," అన్నారు కమిషనర్ గారు. "గెజిట్ ఏమంటోంది?"

చదివాను. మల్లెవాసన రాష్ట్రంలో ఇంధన వాయువు ఉనికికి అధికారిక సూచిక.

"అయితే ఇందులో సందేహమేముంది? మల్లెవాసన గ్యాసుది. ఇంకే వస్తువుకైనా అదే వాసన ఉంటే ఆ వస్తువు ప్రజలను తప్పుదారి పట్టిస్తోంది. నియంత్రించాల్సింది దాన్ని."

"దేన్ని సార్?" అన్నారు రుబీనా గారు.

"పూలను."

ఆ విధంగా పూలు మా శాఖ కిందికి వచ్చాయి. వంటింట్లోకి మల్లెపూలు పెట్టుకుని వెళ్ళడం నిషేధించాం. బుట్టలకు ఎర్ర స్టిక్కరు పెట్టాం. పెళ్ళివాళ్ళు పూలజడ వివరాలను ముందుగా సమర్పించాలన్నాం. శోభనం గది గుమ్మంలో ఒక ఇన్‌స్పెక్టర్ను నిలబెడదామని నరహరి గారు ప్రతిపాదించారు గానీ, సిబ్బంది కొరత వల్ల తలుపు మీద అతికించే కాగితంతో సరిపెట్టుకున్నాం. అందులో 'ఈ గదిలోని వాసన సహజమైనది' అని ఉంటుంది. కింద పెళ్ళికొడుకు సంతకం.

మొదటి దాడి ఎక్కడో జరిగితే బాగుండేది. దీపం కింద చీకటి ఉండకూడదని మా గేటు దగ్గరే జరిపించారు. ఇన్‌స్పెక్టరు తిరపతమ్మ బుట్ట పట్టుకుపోయాడు. మొగ్గలు మా స్టోర్ రూములో సాక్ష్యంగా ఉంచితే తెల్లారేసరికి విచ్చుకుని మేడంతా వాసన. అవి నేరం మళ్ళీ చేసినట్టు రాసుకున్నాం.

తిరపతమ్మ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"సూపర్నెంటు గారూ, నా పూలు మీ గ్యాసు లాగా వాసనొత్తన్నాయా, మీ గ్యాసు నా పూల లాగా వాసనొత్తందా?"

"గెజిట్ ప్రకారం నీ పూలే."

"మా అమ్మ కాణ్ణుంచీ ఇయ్యే పూలు బాబూ. మీ గెజిట్టు మొన్నొచ్చింది."

"నిజమే. కానీ మొన్నటిదే అమల్లో ఉంటుంది."

"మరి నేనేం జెయ్యాలి?"

లైసెన్సు పెట్టుకోమని చెప్పాను. పెట్టుకుంది. నెలకు జవాబు వచ్చింది. దరఖాస్తుదారు విక్రయించే మల్లెపూలు మల్లెవాసన కాక వేరొక వాసన కలిగి ఉన్న పక్షంలో లైసెన్సు మంజూరుకు అభ్యంతరం లేదని. ఆ వాక్యం రాసింది నేనే. రాసేటప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. ఆవిడకు చదివి వినిపించేటప్పుడు మాత్రం కనిపించింది. ఆ వేసవి పోయింది. తిరపతమ్మ గోడ పక్కన కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది. వాసన లేని పూలు కాబట్టి వాటితో మా శాఖకు తగువు లేదు. కొనేవాళ్ళకూ వాటితో పని లేదు. కోడలు పాచిపనికి కుదిరిందని, మనవరాలు బడి మానిందని తర్వాత తెలిసింది. మా ఆవిడ సుభద్ర నన్ను అడిగింది, "ఆవిడ ఏం చేసిందండీ మిమ్మల్ని?" అని. రూలు వ్యక్తులను బట్టి ఉండదని చెప్పాను. ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు.

పుష్యమాసంలో బహుమతి మాకే అని ఖాయమైంది. ఢిల్లీ నుంచి ఇద్దరు అధికారులు వచ్చి, ఏడు నెలలుగా ఒక్క ఫిర్యాదు కూడా లేదని కళ్ళారా చూసి, ఫలకం ఇచ్చి వెళతారు. ఆ ఉదయం మేడకు తోరణాలు కట్టాం. అందరం కొత్త బట్టల్లో వచ్చాం. మెట్లెక్కుతుంటే మల్లెల వాసన గుప్పుమంది.

చామంతుల కాలంలో మల్లెవాసన.

ముందు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఎవరి సీటులోకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నాం. రుబీనా గారు ఒక్కరే క్యాంటీనులోకి దిగి కాంట్రాక్టరు వీరాస్వామిని నిలదీశారు.

"నాలుగు రోజుల్నుంచీ వస్తందండీ," అన్నాడు వీరాస్వామి. "అలవాటైపోయింది. నా కాంట్రాక్టు మార్చిలో అయిపోద్ది మేడమ్. ఫిర్యాదు మాత్రం నా నోటెంట రాదు."

"సిలిండర్ల గది తాళం తియ్యండి, వాల్వు కట్టేస్తాను."

తాళం నా దగ్గరుంది. దాని కోసం ఆవిడ పైకొచ్చారు. కొత్త నియమావళి ప్రకారం ఆ తాళం ఫిర్యాదు నంబరు పడిన తర్వాతే ఇవ్వాలి. ఫిర్యాదు నంబరు పడితే మా సున్నా కాస్తా ఒకటవుతుంది. తాళంతో సహా రుబీనా గారి వెనక కమిషనర్ గారి గదికి వెళ్ళాను.

"ఫిర్యాదు నేనిస్తాను సార్," అన్నారావిడ.

"ఉద్యోగి తన శాఖపై తానే ఫిర్యాదు చేయడం ప్రవర్తనా నియమాలకు విరుద్ధం. కూర్చోండి."

"సార్, ఇక్కడ ఎవరన్నా స్విచ్చేస్తే చాలు."

"అందుకే స్విచ్చులు వేయవద్దని సర్క్యులర్ ఇస్తాను. ప్రస్తుత సమస్య అది కాదు. ప్రస్తుత సమస్య వాసనకు మూలం. ఢిల్లీ వారికి ఒక మూలం చూపించాలి."

నరహరి గారు అప్పటికే పసిగట్టారు. "గేటు దగ్గర పూలమ్మి ఉంది కదా సార్."

తిరపతమ్మను పైకి పిలిపించారు. చంకలో కనకాంబరాల బుట్ట పెట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. కమిషనర్ గారు ఆవిడకు కుర్చీ వేయించారు. నా సర్వీసులో ఆ గదిలో ఒక పూలమ్మికి కుర్చీ వేయడం అదే చూడటం.

"చూడమ్మా, శాఖ నీ విషయాన్ని సానుభూతితో పునఃపరిశీలించింది. ఈ గేటు దగ్గర మల్లెపూలు అమ్ముకోవడానికి నీకు శాశ్వత అనుమతి మంజూరు చేయడానికి సిద్ధంగా ఉంది. నువ్వు చేయవలసిందల్లా ఈ వాంగ్మూలం మీద వేలిముద్ర వేయడం. ఇవాళ ఈ భవనంలో వచ్చిన వాసన నీ మల్లెపూలదేనని."

"పుష్యమాసంలో మల్లెపూలెక్కడియ్యి బాబూ?"

"కోల్డ్ స్టోరేజీలోవి," అన్నారు నరహరి గారు.

తిరపతమ్మ నా వంక చూసింది. వచ్చే వేసవి, మనవరాలి బడి, ఇంట్లో అన్నం, అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. కాగితం అబద్ధమని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. నేను కిటికీ వైపు చూశాను.

"వేత్తాను," అంది చివరికి. "కానీ ఈడ కాదయ్యా. నాకు కడుపులో తిప్పేత్తంది. గేటు కాడికి రండి, నా చోట్లో ఏత్తాను."

కమిషనర్ గారికి ఇది చిన్నతనంగా తోచింది. అయితే శాశ్వత అనుమతి పత్రం మంజూరు చేసే అధికారి సమక్షంలోనే వేలిముద్ర పడాలి. సాక్షులుగా ఇద్దరు గెజిటెడ్ అధికారులుండాలి. స్టాంపు ప్యాడు తేవడానికి ఒకరు, కాగితం కింద అట్ట పట్టుకోవడానికి ఒకరు. అంతలో ఢిల్లీ కారు కాలువ మలుపు తిరిగిందని కబురొచ్చింది. ఎలాగూ గేటు దగ్గరే స్వాగతం చెప్పాలి కదా అని ఆయన లేచారు. రుబీనా గారు ప్రతి గదిలోకీ వెళ్ళి, "మీరూ సాక్షే, కమిషనర్ గారు రమ్మంటున్నారు," అని అందరినీ లేపుకొచ్చారు. వీరాస్వామిని కూడా వదలకుండా చెయ్యి పట్టుకుని తెచ్చారు.

తిరపతమ్మ గోడ పక్కన తన చోట్లో కూర్చుని వేలిముద్ర వేసింది. కమిషనర్ గారు అనుమతి పత్రం మీద సంతకం చేసి అందించారు. ఆవిడ దాన్ని మడిచి రవికెలో దోపుకుంది. ఢిల్లీ అధికారులు కారు దిగారు. దండలు వేస్తున్నాం. క్యాంటీనులో ఫ్రిజ్జు ఉంది చూడండి, దానికి మా సర్క్యులర్ చేరలేదు. అది తనంతట తాను ఆన్ అయింది.

మేము లేచేసరికి మేడ లేదు. మెట్లు మాత్రం ఉన్నాయి, ఎక్కడికీ వెళ్ళకుండా. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఏడ్చిన వాళ్ళున్నారు, వాళ్ళలో నేనొకణ్ణి. తిరపతమ్మ బుట్ట బోర్లాపడి కనకాంబరాలన్నీ మా తలల మీద ఉన్నాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరుకుంటోంది.

"ఏమిటిది?" అని అడిగారు ఢిల్లీవారు.

కమిషనర్ గారు ఒంటికంటుకున్న సున్నం దులుపుకున్నారు. "వాసనకు సంబంధించి ఇప్పుడే వాంగ్మూలం తీసుకున్నాం. పూలు. ఫిర్యాదులకు సంబంధించి, సున్నా."

ఢిల్లీవారు తమ కాగితాలు చూసుకున్నారు. వాటిలో మేడ గురించి ఏ గడీ లేదు. ఫలకం అక్కడే షామియానా కింద ఇచ్చి వెళ్ళారు.

తిరపతమ్మ మీద కేసు పెడదామని నరహరి గారు అన్నారు. వేలిముద్ర ఉంది కదా, తన పూల వల్లే జరిగిందని ఒప్పుకున్నట్టే. కానీ కేసు పెట్టాలంటే ముందు ఒకరు ఫిర్యాదు ఇవ్వాలి. ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. ఆవిడ ప్రాణానికి సున్నా ఒక్కటే అడ్డం పడింది. మమ్మల్ని కాపాడిన మనిషికి మా శాఖ చేసిన ఉపకారం అంతే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

మళ్ళీ వేసవి వచ్చింది. మేము కాలువకు ఆవలి గట్టున అద్దె ఇంట్లోకి మారాం. తిరపతమ్మ అనుమతి పాత గేటుకే చెల్లుతుంది కాబట్టి ఆవిడ అక్కడే కూర్చుంది. పక్కన గోడ ఉంది, వెనక మెట్లున్నాయి, ఒళ్ళో మైలవరం మొగ్గలున్నాయి. శాశ్వత అనుమతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి బుట్టకు కట్టుకుంది.

సాయంత్రం వంతెన దాటి వెళ్ళాను. రోడ్డు నిండా జనం. చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ బుట్ట దాకా వచ్చి, వాసన తగలగానే పిల్ల ముక్కు మూసి అవతలి పక్కకు పరిగెత్తింది. కాలేజీ అమ్మాయిలిద్దరు దూరం నుంచే, "మామ్మా, ఇక్కడ లీకవుతోంది, లేచి రా," అని కేకేశారు. మనసున్న పిల్లలు. ఊరంతా ఇప్పుడు అంతే. మా ఇంట్లోనూ నేను మూరెడు పూలు తెస్తే, సుభద్ర ముందు వంటింట్లోకి పరిగెత్తి సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, ఆ తర్వాతే దండను బాల్కనీలో తాడుకు వేలాడదీస్తుంది. జడలో పెట్టుకుని ఏడాదైంది.

"ఒక మూర ఇవ్వు," అన్నాను.

తిరపతమ్మ కొలిచింది. పొట్టి చేత్తో కాదు, చెయ్యి బారుగా చాచి. దానికి ఇంకో మూర కలిపింది. "తీస్కపో బాబూ, ఎటూ వాడిపోతాయి." కాసేపు తడిగుడ్డ సర్దుకుంటూ ఉండి అడిగింది, "ఎంచక్కా కాయితం ఇచ్చారు, కాదన్ను. ఈ వాసనొక్కటి పోతే ఎవరన్నా కొంటారేమో. మల్లెపూలకి వాసన రాకుండా చేసే ఇదేమన్నా మీ ఆఫీసులో ఉందా? కాత్త కనుక్కో."

ఆవిడ వేళాకోళమాడటం లేదు. నిజంగానే అడిగింది.

కనుక్కున్నాను. కమిటీ వేశారు. కన్వీనర్‌ని నేనే.